రాకిరాకి హాల్లో అచ్చమ్మ తండ్రి పేరు

ఫిజీ అంటే సముద్రం, కొబ్బరిచెట్లు, కొత్తగా పెళ్ళయిన జంటలు అని మా అనకాపల్లిలో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వచ్చాను. వచ్చి రెండేళ్ళవుతున్నా సువా దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. మొదటి ఏడు కడుపుతో ఉన్నాను, రెండో ఏడు పాపతో ఉన్నాను. పదకొండు నెలల పిల్లతో ప్రయాణం అంటే నాకు ముందు గుర్తొచ్చేవి చూడాల్సిన చోట్లు కావు. దోమలు, నీళ్ళు, దగ్గరలో ఆసుపత్రి ఉందా లేదా అన్నవి. అలాంటి నేను ద్వీపం చుట్టూ తిరిగి వచ్చానంటే కారణం మా పక్కింటి సునీత.

సునీత ముత్తాతలు విశాఖ వైపు నుంచి ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద ఇక్కడి చెరకు తోటలకు వచ్చినవాళ్ళు. ఆ ఒప్పందాన్ని ఇక్కడ గిర్మిట్ అంటారు. సునీతకి తెలుగు రాదు. నాతో ఫిజీ హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఒకరోజు సాయంత్రం కంగారుగా వచ్చింది.

"దీదీ, నువ్వు తెలుగు చదవగలవు కదా?"

విషయం ఇది. రాకిరాకిలో ఉండే ఆమె ఆజీ, అంటే నాన్నమ్మ, పేరు అచ్చమ్మ. అచ్చమ్మకి ఒక్కతే చెల్లెలు, లచ్చమ్మ. ఆమె చాలా ఏళ్ళ క్రితమే ఆక్లాండ్ వెళ్ళిపోయింది. లచ్చమ్మకి నెలలోపు గుండె ఆపరేషన్. ఆపరేషన్‌కి ముందు అక్కని చూడాలంటోంది. అచ్చమ్మకి డెబ్భై దాటాయి, జీవితంలో పాస్‌పోర్టు తీసుకోలేదు. దానికి పుట్టిన కాగితం కావాలి.

ఇదివరకు ఆ కాగితం కోసం ఊరు దాటి వెళ్ళి, లైన్లో నిలబడి, రేపు రమ్మంటే రేపు వెళ్ళాల్సి వచ్చేదట. ఇప్పుడు పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. సునీత ఇంట్లో కూర్చుని, టీ చల్లారేలోపు ఫోన్లో తీసేసింది. తీశాక చూస్తే అందులో తండ్రి పేరు మయానా. లచ్చమ్మ కాగితంలో తండ్రి పేరు అప్పలస్వామి.

"చెల్లెలి దగ్గరికని వీసా అడిగితే, కంప్యూటర్ లెక్కలో వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళు కారు. ఇదివరకైతే గుమాస్తా మొహం చూసి, అచ్చమ్మే కదా అని స్టాంపు కొట్టేవాడు. కంప్యూటర్‌కి ఎవరి మొహమూ తెలీదు" అంది సునీత.

"ఇంతకీ ఈ మయానా ఎవరు?"

సునీత గొంతు తగ్గించింది. "అదే ఎవరికీ తెలీదు. అడగాలంటే డాడీకే భయం."

సోమవారం రాకిరాకికి రిజిస్ట్రేషన్ వాళ్ళు ట్యాబ్లెట్లతో వస్తున్నారు, తప్పులుంటే అక్కడే దిద్దుతారు. ఆజీ ఇంట్లో పాత తెలుగు రామాయణం ఉంది, దాని మొదటి పేజీలో వాళ్ళ నాన్న ఏదో రాశాడు. అది సాక్ష్యం కావచ్చు. కానీ చదివేవాళ్ళు లేరు.

మా ఆయన ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతారు. పరీక్షల రోజులు, ఆయన రాలేరు. "నువ్వు వెళ్ళిరా, పిల్ల కూడా గోడలు కాక ఇంకేదైనా చూస్తుంది" అన్నారు. థర్మామీటరు రెండుసార్లు సంచిలోంచి తీసి, రెండుసార్లు పెట్టుకుని బయల్దేరాను.

బస్సులో

ఇక్కడ బస్సులో డబ్బులు తీసుకోరు. కార్డు చూపిస్తే మెషిన్ కూస్తుంది, అంతే. కండక్టర్ లేడు, చిల్లర గొడవ లేదు. మా ఊళ్ళో టికెట్ వెనక రాసిచ్చే చిల్లర బాకీ ఎన్నిసార్లు మర్చిపోయానో గుర్తొచ్చి, ఎంత బాగుందో అనుకుంటూ కార్డు పెట్టాను. మెషిన్ వేరే రకంగా కూసింది. కార్డులో చాలినంత డబ్బు లేదు. సునీత ముందే ఎక్కి లోపల సీట్లు వెతుకుతోంది. వెనక పది మంది, చంకలో పిల్ల, చేతిలో ఎవరికీ అక్కర్లేని ఇరవై డాలర్ల నోటు.

"సేంగ నా లెంగ్గా" అన్నాడు వెనక ఉన్న పెద్దాయన, ఏం ఫరవాలేదని. తన కార్డు పెట్టి నా టికెట్ కొట్టేశాడు. నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. "పాపకి అరటిపళ్ళు కొను" అన్నాడు. యంత్రం పెట్టినా సాయం చేసే చెయ్యి పక్కనే ఉండాలి కాబోలు.

దారిలో ఒక స్టాండులో రోటీ పార్సిల్ కొన్నాం. బంగాళదుంప కూర చుట్టిన రొట్టె, రెండున్నర డాలర్లు. మన లెక్కలో వంద రూపాయలకి కాస్త తక్కువ. గుండె చివుక్కుమంది గాని, తిన్నాక సర్దుకుంది. బోర్డులు చదువుతూ కూర్చుంటే సునీత నవ్వింది. ఇక్కడి ఫిజీ భాషలో రాసేది ఒకటి, పలికేది ఒకటి. నాది అని రాస్తే నాండి అనాలి. సబేటో అని రాస్తే సంబేటో అనాలి.

రాకిరాకి

చెరకు పొలాలు చూడగానే మా ఊరి శివార్లలా అనిపించింది. కానీ ఎక్కడా బెల్లం వాసన లేదు. పెద్ద తుపాను తర్వాత ఇక్కడి మిల్లు మూతపడింది. చెరకు లారీలెక్కి దూరం పోతుంది. మిల్లు దగ్గర రెండు మూడు చిన్న దుకాణాలు మాత్రం తలుపులు తీసుకుని కూర్చున్నాయి.

అచ్చమ్మ గడపలోనే ఉంది. సన్నటి మనిషి. నన్ను కాదు, ముందు పాపని చూసింది.

"ఆవో ఆవో, కూకో. పిల్ల ఏడిసిందా బస్సుల? నాకి తెలుగు తోడా తోడా వస్తాది. మాటాడీవోలు పోనారు."

అచ్చం మా నాయనమ్మ యాస. మధ్యలో హిందీ ముక్కలు దొర్లుతున్నాయి, అంతే తేడా. నేను మామ్మగారూ అంటే ఆమె చుట్టూ చూసింది, ఇంకెవర్నో పిలిచానేమోనని.

అన్నం, పప్పు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు పెట్టింది. మనం చేమాకు పులుసు పెట్టుకుంటాం. ఇక్కడ పాలతో కమ్మగా వండుతారు. చింతపండు చారుని ఆమె "సారు" అంది. అది కలుపుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

తిన్నాక గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. మొదటి పేజీలో సిరా వెలిసిపోయింది గాని అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. పైకి చదివాను.

"మా పెద్దపిల్ల అచ్చమ్మ. ఆదివారం పొద్దుట పుట్టినది. రెండో పిల్ల లచ్చమ్మ. బుధవారం. వ్రాలు, అప్పలస్వామి."

"మళ్ళా సదువు" అంది. మళ్ళీ చదివాను.

"ఆదివారమా? మంగళారం అనీవోరే! ఇన్నేళ్ళూ మంగళారం ఉపాసం ఉండిపోనాను!"

సునీత, నేను పగలబడి నవ్వాం. ఆమె కూడా నవ్వింది, కానీ పేజీ మీద నుంచి వేలు తియ్యలేదు. సునీత గిన్నెలు కడగడానికి వెళ్ళాక నాతో మెల్లగా అంది.

"బళ్ళో మాస్టరు అచ్చమ్మ మయానా అని పిలిసీవోడు. పిల్లలు, నీకి ఇద్దరు బాబులా అని ఎక్కిరించీవోరు. అమ్మని అడగనేదు. అడిగితే ఏటి సెప్తాదో అని భయం. ఇప్పుడు ఈ పెట్టి అడగతంది."

పెట్టి అంటే కంప్యూటరు. పాస్‌పోర్టు ఒక్కటే కాదు, ఆమె మోస్తున్నది ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది. వాళ్ళమ్మ నర్సమ్మ మీద చిన్నప్పటి నుంచి నోరు విప్పి అనని అనుమానం.

హాలు

సోమవారం పొద్దున్నే హాలు నిండిపోయింది. నాలుగు బల్లలు, నాలుగు ట్యాబ్లెట్లు, కిటికీలో ఇంటర్నెట్ డబ్బా. మా ఊరి మీసేవలోలా టోకెన్లు ఇచ్చారు. మాది ముప్పై ఒకటి. పద్దెనిమిది దాకా చకచకా వెళ్ళి, ఇంటర్నెట్ ఆగిపోయింది.

మా దగ్గరైతే ఇంతకి అరుపులు మొదలయ్యేవి. ఇక్కడ మగవాళ్ళు మూల చాప పరిచి, చెక్క గంగాళంలో యంగోనా కలపడం మొదలెట్టారు. మిరియపు జాతి మొక్క వేళ్ళని దంచి నీళ్ళలో పిసికిన పానీయం, రంగు చూస్తే వాన నీటి గుంట. కొబ్బరి చిప్పలో నాకూ ఇచ్చారు. పాలిస్తున్నానని చెప్పి చేతులు జోడిస్తే, మర్యాదగా చప్పట్లు కొట్టి పక్కామెకి ఇచ్చారు.

ఆ సందట్లో పాప కనపడలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానని అడిగిన ఫిజియన్ ఆవిడ పక్కావిడకి ఇచ్చిందట, ఆమె ఇంకొకరికి. వరస వరసా వెతికాను. నాలుగో వరసలో దొరికింది, ఎవరో ముసలమ్మ ఒళ్ళో, నోట్లో ఉడికించిన కర్రపెండలం ముక్కతో. ఆ ముక్క ఏ నీళ్ళలో ఉడికించారో అని నేను, తీసేసుకుంటానేమోనని అది, ఇద్దరం ఏడుపు మొహాలు పెట్టాం. ఏమీ కాలేదు. ఆ రోజు రాత్రి మామూలుకన్నా ఎక్కువసేపు నిద్రపోయింది.

మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న అమ్మాయి పేరు లితియా. ఫిజియన్ పిల్ల, కానీ హిందీ సునీత కంటే ధారాళంగా మాట్లాడుతుంది.

"ఆజీ, బైఠో." పుస్తకం చూసింది, నేను చెబుతుంటే అనువాదం రాసుకుంది, ఫొటో తీసుకుంది. తర్వాత ట్యాబ్లెట్ మా వైపు తిప్పింది. "మీ పుస్తకం బాగుంది. కానీ అది ఇంటి పుస్తకం. ప్రభుత్వం పుస్తకంలో మయానా ఉన్నాడు. అతను వేరే మనిషైతే నేను పేరు మార్చలేను. అదే మనిషికి ఇంకో పేరైతే మార్చగలను. ఎవరు ఆజీ, ఈ మయానా?"

అచ్చమ్మ తన చెప్పుల వైపు చూసుకుంటోంది. సునీత కిటికీ వైపు చూస్తోంది. సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది.

"ఎవులు పిల్లా?" అంది అచ్చమ్మ, తల తిప్పుకోవడానికి సాకు దొరికిందని.

"మా ఆయన."

లితియా టక్కున తలెత్తింది. "మయానా? మీకు తెలుసా అతను?"

"కాదు కాదు, ఫోన్ చేసింది నా భర్త."

"మీ భర్త పేరు కూడా మయానాయేనా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ట్యాబ్లెట్ మీద అక్షరాలు ఇంగ్లీషులో ఒక్కొక్కటే చదివాను. ఎమ్, ఏ, వై, ఏ, ఎన్, ఏ. సునీత, అచ్చమ్మ, ఇద్దరూ మయానా మయానా అని సాగదీసి పలికితే నాకూ అలాగే పడింది చెవిలో. ఈ అమ్మాయికి తెలుగు రాదు. నేనన్న మాట ఆమెకి ఎలా వినిపించిందో, ఆనాటి గుమాస్తాకీ అలాగే వినిపించి ఉంటుంది.

"మామ్మగారూ, మీ పుట్టుక రాయించడానికి ఎవరు వెళ్ళారు?"

"అమ్మే ఎల్లింది. అయ్య మిల్లుల ఉన్నాడు. లచ్చికి అయ్యే ఎల్లినాడు."

"మీ అమ్మగారు మీ నాన్నగారి పేరు పలికేవారా?"

"రామ రామ. అమ్మ ఎప్పుడూ పేరు సెప్పీది కాదు. మా ఆయన..." అని ఆగిపోయింది. పెదవులు మాత్రం ఆ మాటని ఇంకోసారి అనుకున్నాయి. "ఓలమ్మ. మా ఆయన."

సునీతకి హిందీలో చెప్పాను. గుమాస్తా బాప్ కా నామ్ అని అడిగాడు. నర్సమ్మ మొగుడి పేరు నోటితో అనలేక మా ఆయన అంది. అతను అదే పేరనుకుని రాసేశాడు. అంతే. ఇంకో మగవాడెవరూ లేడు.

మన తెలుగువాళ్ళకి తప్ప ఇది ఎవరికి అర్థమవుతుంది అని నేననుకుంటున్నాను. లితియా మాత్రం తల ఊపుతోంది.

"తంబు" అంది. అనకూడనిది అని. "మా ఊళ్ళో నేను మా అన్నతో నేరుగా మాట్లాడను. టీ కావాలా అని గోడకి చెబుతాను, వాడు గోడ నుంచి విని వస్తాడు."

ట్యాబ్లెట్‌లో తప్పుకి కారణం ఎంచుకోవాలి. అక్షర దోషం, గుమాస్తా పొరపాటు, తల్లిదండ్రుల పొరపాటు, ఇతరం. లితియా వేలు మూడోదాని మీదికి వెళ్ళింది. సునీత చదివి చెప్పగానే అచ్చమ్మ బల్ల మీద చెయ్యి వేసింది.

"అమ్మ తప్పు సెయ్యనేదు."

"అయితే గుమాస్తా పొరపాటు అందామా ఆజీ?"

"పాపం అతగాడికి తెలుగొస్తే కదా."

వెనక ముప్పై రెండో టోకెన్ ఆయన గట్టిగా నిట్టూర్చాడు. లితియా ఇతరం నొక్కి, భర్త పేరు పలకని ఆచారం అని టైపు చేసింది. నాచేత సాక్షి సంతకం పెట్టించింది. అచ్చమ్మ మాత్రం సంతకం పెట్టకుండా కూర్చుంది.

"సంతకం ఎడితే ఆ మాట తుడిసేస్తారా?"

"కంప్యూటర్లో కొత్త పేరు కనిపిస్తుంది. పాత పుస్తకంలో ఏదీ చెరపం ఆజీ. పక్కన ఒక గమనిక రాస్తాం. ఆ పుస్తకం ఎప్పటికీ ఉంటుంది."

అప్పుడు పెట్టింది సంతకం.

నటబువా

రెండు రోజులకని బయల్దేరిన ప్రయాణం ఆరు రోజులైంది. పాస్‌పోర్టు పని లౌటోకా ఊళ్ళో కాబట్టి, దిద్దిన కాగితం వచ్చేదాకా, సాక్షినైన నాతో సహా అందరం ఆ ఊరి శివారు నటబువాలో సునీత అక్క ఇంట్లో ఉన్నాం. చుట్టూ స్కూళ్ళు. పొద్దున్నే యూనిఫాం పిల్లలు బారులు తీరి వెళతారు. ఫిజియన్ మగపిల్లలు జేబులున్న లుంగీ లాంటిది కట్టుకుని బడికి పోతారు. మా ఊళ్ళో లుంగీతో బడికెళితే గేటు దగ్గరే ఆపేస్తారు.

లితియా ఇచ్చిన నంబరు ఫోన్లో కొడితే కాగితం ఎక్కడుందో కనిపిస్తుంది. చేరింది, సరిచూశారు, ఆమోదానికి వెళ్ళింది, ఫలానా అధికారి దగ్గర ఉంది అని పేరుతో సహా. అచ్చమ్మ గంటకోసారి అడిగేది, "ఇప్పుడు ఏ టేబులు మీద ఉంది?" వాళ్ళాయన పొలం కాగితం ఒకటి ఏళ్ళ తరబడి ఆఫీసుల్లో తిరిగి, ఏ డ్రాయర్లో చచ్చిందో ఇప్పటికీ తెలీదట.

రెండు రోజులు అదే టేబులు, అదే పేరు. కదల్లేదు. సునీత ఫిర్యాదు బటన్ నొక్కబోతే అచ్చమ్మ ఆపింది.

"ఆ టేబులు పిల్లకి మాట పడతాది. పేరు తెలిసినాక మనిసి అయిపోయింది కదా."

"ఆజీ, అవతల నీ చెల్లెలు గుండె కోయించుకోబోతోంది!"

"అయితే నొక్కు. తిట్టకుండ నొక్కు."

సునీత నిజంగానే దయచేసి, క్షమించండి అన్న మాటలు పెట్టి రాసింది. మర్నాడు పొద్దున్న జవాబు వచ్చింది. ఆ అధికారి సెలవులో ఉన్నారట, ఫైలు ఇంకొకరికి ఇచ్చారట. ఆమెకి ఒంట్లో బాలేదేమోనని అచ్చమ్మ దిగులు పడింది.

నేను మాత్రం ఇంకో దిగులు పడ్డాను. ఆ ఫోను నొక్కడానికి సునీత లేకపోతే? హాల్లో ముప్పై టోకెన్ల వెనక, మనవరాళ్ళు లేని ముసలమ్మలు ఎంతమంది ఉన్నారో.

సబేటో

ఐదో రోజు సునీత బాబాయి భోజనానికి పిలిచాడు. సబేటో లోయలో చెరకు పొలం, వెనక పడుకున్న మనిషిలా కొండ. పొలం సగం ఆయన చేస్తాడు, కొడుకులిద్దరూ నాండి హోటళ్ళలో పని చేస్తారు. పాప మెడ మీద ఎర్రటి దద్దుర్లు చూసి నేను ఆసుపత్రి ఎక్కడని అడుగుతుంటే, పిన్ని కొబ్బరినూనె రాసి, "మచ్ఛర్" అని తేల్చేసింది. దోమే. థర్మామీటరు పెట్టి చూస్తేగాని నమ్మలేదు.

లోయలో సిగ్నల్ లేదు. భోజనాలయ్యాక సునీత, అచ్చమ్మ, పాపని ఎత్తుకుని నేను గట్టెక్కాం. పైకి చేరగానే సునీత ఫోన్ వరసగా మూడుసార్లు మోగింది. మూడోది అదే.

"తండ్రి పేరు?" అంది అచ్చమ్మ, కాగితం తెరుచుకోకముందే.

"అప్పలస్వామి."

అచ్చమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. కొంగుతో మొహం కప్పుకుంది. తీశాక మొదటి మాటగా, పాస్‌పోర్టు ఫొటోకి ఏ చీర బాగుంటుందని అడిగింది.

మర్నాడు నేను దక్షిణపు దారిన సువా వచ్చేశాను. దారంతా సముద్రం పక్కనే ఉంది. పోస్టుకార్డుల్లో చూసేదంతా అక్కడే ఉంది గాని, నేను సగం నిద్రపోయాను.

తర్వాత

పాస్‌పోర్టు, వీసా రెండూ సమయానికే వచ్చాయి. నిన్న అచ్చమ్మ ఆక్లాండ్ నుంచి వీడియో కాల్ చేసింది. రెండు రోజుల్లో ఆపరేషన్. మంచం మీద లచ్చమ్మ, పక్కన ఈమె, ఇద్దరికీ ఒకటే ముక్కు. హాల్లో జరిగిందంతా అప్పటికే చెప్పేసిందట.

"ఇంద, దీనితో మాటాడు. పొద్దుట్నించి నా మీద అలిగింది" అంది అచ్చమ్మ.

ఫోను చేతులు మారింది. లచ్చమ్మ నన్ను పలకరించను కూడా లేదు.

"నువ్వే సెప్పు పిల్లా. నా కాయితం అయ్య రాయించినాడు. అమ్మ మాట సర్కారు పుస్తకంల దీని పక్కనే ఉంది, నా పక్కన నేదు. ఎప్పుడూ ఇంతే. అమ్మకి ఇదే ఎక్కువ."